ఉడుపు పిలుపు

పద్మనాభం మండలంలో గోస్తనీ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఉడుపులకు, అంటే వరి నాట్లకు, ఆడవాళ్లను పిలవడానికి ఒక పద్ధతుంది. ముందురోజు సాయంత్రం, పొయ్యి మీద అన్నం కుతకుతలాడే వేళకి, ఇంటి ఆడమనిషి స్వయంగా గడప గడపకీ వెళ్లి "రేపు మా ఉడుపు, రండమ్మా" అని చెప్పాలి. మగవాడు వెళ్లి చెబితే ఎవరూ రారు. కబురు పంపినా రారు. ఒకసారి ఎవరో పెద్ద రైతు టాంటాం వేయించి పిలిస్తే, ఆ ఏడు ఆయన మళ్లోకి ఒక్క మనిషి దిగలేదు, ఆకు, అంటే నారు, ముదిరి పశువులపాలైంది. ఊళ్లో ఆడవాళ్ల రోషం అలాంటిది. ఇంటావిడ నోటితో పిలిస్తేనే వాళ్లకది పిలుపు.

సూర్యకళ కాపురానికొచ్చిన రెండో ఏడే అత్త చిట్టెమ్మ ఆ పని కోడలికి అప్పజెప్పేసింది. కోడలికి ఉత్తినే పెత్తనం ఇచ్చే మనిషి కాదు చిట్టెమ్మ. కానీ ఆకుమడి గట్టున కూర్చుని, రెండు మొక్కలు పీకి, వేళ్లు కడిగి చూసి "రేపు కాదత్తా, ఎల్లుండి" అని సూర్యకళ అందంటే అది ఎల్లుండే. ముందు తీసి నాటితే నీళ్లలో తేలిపోయేది, తర్వాత తీస్తే ముదిరిపోయేది. రెండేళ్లకి ఆ చుట్టుపక్కల రైతులంతా సూర్యకళ పిలుపుకి బయల్దేరిందంటే తమ ఆకు సంగతి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆమెకి లోపల గర్వంగానే ఉండేది. లేదని అంటే అబద్ధం.

ఆమె పిలుపు ఊళ్లో గడపల దగ్గరే ఆగేది కాదు. ఎక్కడో ఉత్తరాదిన, పేరు సరిగ్గా నోరు తిరగని ఊళ్లో ఉన్న మొగుడి దాకా వెళ్లేది. మొగుడి పేరు గవర్రాజు. ఎయిర్‌ఫోర్సులో పని. ఆదివారం పూట ఊళ్లో గురునాథరావు కొట్టుకి ఫోను చేసేవాడు. అత్తాకోడళ్లు, చంకలో పిల్ల గంగాభవానితో, అక్కడ కాచుకుని ఉండేవాళ్లు. మిగతా ఏడాదంతా ఏ కబుర్లు చెప్పుకున్నా, జూలై నెల వచ్చేసరికి సూర్యకళ ఒకే మాట అనేది.

"ఆకు ఎదిగినాది మావా. వచ్చీ."

అంతే. రైలెక్కి వచ్చేసేవాడు. పై అధికారి దగ్గరికెళ్లి "సార్, మా ఆవిడ పిలిచింది" అని సెలవు చీటీ పెట్టేవాడట. మొదటి ఏడు ఆయన మందలించాడట. మూడో ఏడు వచ్చేసరికి ఆయనే "ఏం గవర్రాజూ, పిలుపు రాలేదా ఇంకా?" అని అడగడం మొదలుపెట్టాడట.

అసలు గవర్రాజు ఎయిర్‌ఫోర్సులో చేరడం ఎవరూ అనుకుని చేసిన పని కాదు. ఇంటర్ అయ్యాక నాన్న పోవడంతో అరక పట్టాడు. పట్టాక అదే బాగుందనిపించింది. రెండెకరాల వరి, గట్టున కూరగాయలు. తెల్లారగట్ల మొదటి బస్సుకి బీరకాయల బస్తాతో విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్లడం, మధ్యాహ్నానికి తిరిగి రావడం. తొంభయ్యో సంవత్సరంలో ఒకరోజు అలా వెళ్తే, ఊరివాడే వాసు అనే స్నేహితుడు ఎయిర్‌ఫోర్సు భర్తీకి వచ్చి ఒక మైదానం దగ్గర పొడుగాటి వరసలో నిలబడి కనిపించాడు. "బావా, కూసేపు నా జాగాలో నిలబడు, టీ తాగొత్తాను" అన్నాడు. గవర్రాజు నిలబడ్డాడు. వాసు వెళ్లి రెండు ప్లేట్ల పెసరట్టు ఉప్మా తిని, ఇంత తిన్నాక పరుగెత్తడం కల్ల అని తేల్చుకుని, ఇటు చూడకుండా సినిమాకి పోయాడు. మంచి స్నేహితుడే, కానీ తిండి దగ్గర బలహీనుడు.

వరస కదిలింది. గవర్రాజు బస్తాతో సహా కదిలాడు. బల్ల దగ్గరికొచ్చాక "ఇది నా జాగా కాదండి" అని చెప్పబోయాడు గానీ, అవతల ఉన్న సిపాయి టేపు పట్టుకుని ఛాతీ కొలిచేశాడు. పరుగెత్తమన్నారు. లుంగీ ఎగ్గట్టి పరుగెత్తాడు. దమ్ము చేసిన మడిలో ఎద్దుల వెనకాల పరుగెత్తినవాడికి ఎండిన మైదానం ఓ లెక్కా. అందరికంటే ముందొచ్చాడు. మర్నాడు సర్టిఫికెట్లు పట్టుకు రమ్మన్నారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తల్లితో చెబితే చిట్టెమ్మ మొదట అడిగింది, "బీరకాయలేటైనాయిరా?" అని. అవి మైదానంలోనే వాడిపోయాయి.

అలా రైతు కాస్తా ఎయిర్‌మ్యాన్ అయ్యాడు. వెళ్లాడన్న మాటే గానీ పొలం వదల్లేదు. రెండేళ్లకి మెకానిక్ పని నేర్చుకుని వచ్చి, ఆనందపురం దగ్గర సంబంధం చూసి, సూర్యకళని చేసుకున్నాడు. పెళ్లిచూపుల్లోనే చెప్పాడు, "సర్వీసు అయినన్నాళ్లు అక్కడుంటాను. అయ్యాక ఇక్కడే ఉంటాను. మధ్యలో ఉడుపులకీ కోతలకీ కూడా వత్తాను" అని. సూర్యకళ వాళ్ల నాన్న ఇదేం ఉద్యోగం, ఇదేం వ్యవసాయం అని తికమక పడ్డాడు. సూర్యకళకి మాత్రం తికమక ఏమీ లేదు. ఆ రోజు తమ పొలం గట్టు మీద ఆమె కాలు జారితే, ముందు ఆమె పట్టుకున్న నారు కట్ట బురదలో పడకుండా అందుకుని, తర్వాత ఆమె వైపు చూసిన మనిషి అతను. ఈ మనిషి పొలం వదిలి ఎక్కడికీ పోడు అని అప్పుడే అనుకుంది.

సెలవులో వచ్చిన గవర్రాజుని చూడాలి. బస్సు దిగిన గంటకి ప్యాంటు విప్పేసి, చెడ్డీ మీద తువ్వాలు చుట్టి మళ్లో ఉండేవాడు. గట్లు చెక్కేవాడు, దమ్ము చేసేవాడు, ఆకు పీకి కట్టలు కట్టి ఆడవాళ్ల వెనకాల సరిగ్గా అందేచోటికి విసిరేవాడు. ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"విమానం తోలినోడివి, ఇంత దూరమే ఇసురుతావేటి?"

"నాను తోలను పిన్నీ. తోలేటోళ్లు వేరే ఉంటారు. నాను వెనకాల కూకుంటాను."

"వెనకాల కూకుని ఏటి సేత్తావు?"

"నట్లు బిగిత్తాను" అనేవాడు నవ్వుతూ.

అదే చెప్పేవాడు అందరికీ. హెలికాప్టర్లకి నట్లు బిగించే పని అని. సగం నిజమే. తర్వాతి కాలంలో హెలికాప్టర్ తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునే పనికి ఎంచుకుంటే అందులోనూ శిక్షణ అయ్యాడు. సామాన్లు దించడం, గాయపడ్డవాళ్లను ఎక్కించడం కూడా ఆ మనిషి పనే. ఈ సగం మాత్రం ఇంట్లో చెప్పలేదు. చెబితే భయపడతారని. ఇంట్లో భయపెట్టే కబురు ఏదైనా సరే తన కడుపులోనే దాచుకోవడం గవర్రాజుకి చిన్నప్పటినుంచీ అలవాటు. పాము కరిచినంత పనైన రోజు కూడా "తేలేమో అమ్మా" అని చెప్పి నవ్విన పిల్లాడు.

అలా ఆరేడేళ్లు హాయిగానే గడిచాయి. మనిషి దూరంగా ఉన్నాడన్న దిగులు ఉండేది, కానీ పిలిస్తే వస్తాడన్న ధీమా దానికంటే పెద్దది. ఊళ్లో పక్కనే ఉన్న మొగుళ్లు కూడా పిలిస్తే అంత వేగంగా పలకరు అని సూర్యకళ అత్తతో అని నవ్వేది.

తొంభై తొమ్మిదిలో మృగశిర కార్తె వచ్చినా చినుకు పడలేదు. టీవీలో మాత్రం యుద్ధం. కొండలు, మంచు, ఫిరంగులు. పంచాయతీ ఆఫీసు ముందు టీవీ పెడితే ఊరంతా చూసేది. ఆదివారం ఫోనులో సూర్యకళ అడిగింది.

"నువ్వు అందులో లేవు కదా మావా?"

"నానా? నాను స్పానర్లు తుడుసుకుంటన్నాను. ఇక్కడ యుద్ధమూ లేదు, ఏటీ లేదు. ఎండ మాడ్చీసినాది."

నమ్మింది. గొంతులో ఎప్పటి నవ్వే ఉంది మరి, ఎందుకు నమ్మదు? అతనికి జూన్ చివర నుంచి సెలవని ముందే అనుకున్నారు. ఆరుద్ర కార్తెలో కాస్త వాన పడితే హడావుడిగా ఆకు పోశారు. ఆ పై ఆదివారం ఫోను మోగింది.

"మావా, ఆకు ఇప్పుడే పోసినాం. బెత్తెడు కూడా లేదు. ఇప్పుడొచ్చి ఏటి సేత్తావు, గట్టు మీద కూకుంటావా? సెలవు వేస్టయిపోద్ది. ఇప్పుడు రాకు. పుష్యమి కార్తెకి రా. నాను పిలుత్తాను."

గవర్రాజు మళ్లీ అడిగాడు.

"రావద్దంటావా?"

"వద్దంటన్నాను."

"సరే మరి. నువ్వు పిలిసినప్పుడే వత్తాను" అని నవ్వాడు. గట్టిగా, చాలాసేపు నవ్వాడు. ఎందుకంత నవ్వో ఆమెకి అర్థం కాలేదు. మొగుడు సంతోషంగా ఉన్నాడు కదా అనుకుని ఇంటికొచ్చింది.

ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. పునర్వసు వచ్చేసరికి ఆకు జానెడు దాటింది. ఒక మధ్యాహ్నం సూర్యకళ ఆకుమడిలో కలుపు ఏరుతుంటే గట్టు మీద ఎమ్మార్వో, ఆయన పక్కన నీలం రంగు యూనిఫారంలో ఒక అధికారి నిలబడి ఉన్నారు. ఆ అధికారి బూట్లు బురదలో కూరుకుపోతున్నాయి, కాళ్లు పైకి లాక్కోవడం కూడా తోచక అలాగే నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే ఆమెకి తెలిసిపోయింది. చేతిలో కలుపు ఉంది. దాన్ని ఎక్కడ పడేయాలో తెలియనట్టు చాలాసేపు పట్టుకునే ఉంది.

ఎత్తు మీద ఉన్న ఒక చోటి నుంచి గాయపడ్డ సిపాయిల్ని తేవడానికి వెళ్లిన హెలికాప్టర్ తిరిగి రాలేదు. అందులో ఉన్నవాళ్లెవరూ మిగల్లేదు.

విశాఖపట్నం ఎయిర్‌పోర్టు నుంచి గవర్రాజుని పూలు కట్టిన లారీలో తెచ్చారు. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర, మద్దిలపాలెం దగ్గర, హనుమంతవాక దగ్గర జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడ్డారు. బడిపిల్లలు, పోర్టు కార్మికులు, చేపల తట్టలు దించి నిలబడ్డ ఆడవాళ్లు. అతన్ని ఎన్నడూ చూడనివాళ్లు కూడా ఏడ్చారు. ఆనందపురం దాటాక వాన మొదలైంది. ఊళ్లోకి లారీ రాలేదు, దారి అంతా బురద. ఊరి మగవాళ్లే భుజాల మీద మోసుకెళ్లారు. గాలిలోకి తుపాకులు పేల్చారు. మూడేళ్లో నాలుగేళ్లో ఉన్న గంగాభవాని చెవులు మూసుకుని నాయనమ్మ కొంగులో దూరింది.

ఇంట్లో ఎవరికీ పొలం గుర్తులేదు. ఆకు ముదిరిపోతోంది. ఒకరోజు పొద్దున్నే ఊరి ఆడవాళ్లంతా ఎవరూ పిలవకుండానే వాళ్ల మళ్లోకి దిగి, ఉడుపు పూర్తి చేసి, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. పాట లేదు, మాట లేదు. పిలవని ఉడుపు ఆ ఊరి చరిత్రలో అదొక్కటే.

మళ్లీ ఏడాది ఉడుపుల వేళకి చిట్టెమ్మ కోడలితో "ఎప్పుడు పిలవాలి, సూసి సెప్పు" అంది.

"నీ ఇష్టం అత్తా."

"నువ్వెల్లి పిలువు. ఎవడేటంటాడో నాను సూత్తాను."

"నాను పిలవను."

ఆ ఏటి నుంచి పిలుపుకి చిట్టెమ్మే వెళ్లింది. విధవరాలు కాబట్టి కోడలు వెళ్లడం లేదు, పెద్దింటి పద్ధతి అనుకుంది ఊరు. అది కాదు. ఆమెకి ఆ పట్టింపులేమీ లేవు. ఎవరేమన్నా లెక్కచేసే రకం కూడా కాదు. ఆమె లోపల ఉన్నది ఒకటే మాట. నేను రావద్దన్నాను, అందుకే రాలేదు. జూన్ చివర రానిచ్చి ఉంటే, ఆ రోజున మనిషి గట్టు మీద కూర్చుని ఉండేవాడు. జానెడు ఆకు కోసం మనిషిని ఆపేశాను. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తిడతారని కాదు. "నీ తప్పేటుందే" అని ఓదారుస్తారని. ఆ ఓదార్పు తన వల్ల కాదు.

అప్పటినుంచి సూర్యకళ నోట 'రా' అన్న మాట గానీ 'వద్దు' అన్న మాట గానీ ఎవరూ వినలేదు. పిల్ల వచ్చి "అమ్మా, జ్యోతోళ్లతో తీర్థానికెల్లనా?" అంటే "నీ ఇష్టం." తమ్ముడొచ్చి "అక్కా, పండక్కి తీసుకెల్లడానికి రమ్మంటావా?" అంటే "నీ ఇష్టంరా." మంచి మనిషి, దేనికీ అడ్డు చెప్పదు అన్నారంతా.

ఇదొక్కటి పక్కన పెడితే ఆ ఇల్లు ఏడుస్తూ కూర్చున్న ఇల్లు కాదు. చేయడానికి పని ఉంది, నవ్వడానికి పిల్ల ఉంది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో రైతు బజారు పెట్టాక సూర్యకళకి అక్కడ చోటు దొరికింది. రోజూ మొదటి బస్సుకి వంకాయలు, బెండకాయలు, ఆనపకాయలు వేసుకుని వెళ్లేది. పక్క చోటు సూర్యకాంతమ్మది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆ బజారులో అందరూ "రండమ్మా రండి, లేత వంకాయలు" అని గొంతు చించుకునేవాళ్లు. సూర్యకళ ఒక్కతే ఊరికే కూర్చునేది. "పిలవకపోతే ఎవులొత్తారే నీ దగ్గిరికి" అని సూర్యకాంతమ్మ తిడుతూ, ఆమె తరఫున కూడా తనే కేకలేసేది. అయినా సూర్యకళ సరుకే ముందు అయిపోయేది. కాయ మంచిది మరి.

అలా ఆరో ఏడు వచ్చింది. జూలై నెల, ఆకు ఎదిగే రోజులు. ఒక పొద్దున నడివయసు మనిషి ఒకాయన, స్టీల్‌ప్లాంటు సెక్యూరిటీ యూనిఫారంలో, సంచీ పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"బెండకాయలు లేతవేనా?"

"ఇరిసి సూసుకో బాబూ."

ఒకటి విరిచాడు. అటు తిరిగాడు. మళ్లీ వచ్చాడు.

"బెండకాయలు లేతవేనా?"

"ఇందాక ఇరిసినావు కదా. మల్లీ ఇరుత్తావేటి?"

సూర్యకాంతమ్మ కళ్లెగరేసి చూస్తోంది. ఆ మనిషి నుదురు తుడుచుకున్నాడు.

"నువ్వు... గవర్రాజు బావ ఇంటిదానివి కదూ? నా పేరు అర్జునరావు, సెల్లెమ్మా. మాది అచ్యుతాపురం దగ్గర. బావా నానూ ఒకే యూనిట్. నిరుడే సర్వీసు అయిపోయి స్టీల్‌ప్లాంటులో చేరినాను. నువ్విక్కడ ఉంటావని తెలిసి నెల్లాళ్లనుంచి రావాలనుకుంటన్నాను. గేటు దాకా వచ్చి ఎల్లిపోతన్నాను."

సూర్యకళ గోనె పట్టా దులిపి పక్కన వేసింది. అర్జునరావు పేరు ఫోనులో వినీ వినీ ఆమెకి తెలుసు. ఆనపకాయలు తినడానికి పోటీ పడే అర్జునరావు. అవును, గవర్రాజు బ్యారక్ వెనక ఆనప పాదు పెట్టాడట. అది డాబా ఎక్కి, పక్క బ్యారక్ ఎక్కి, చివరికి పై అధికారి భార్య కూడా కాయ పంపమని కబురు పెట్టేదాకా పోయిందట. అర్జునరావు అదంతా చెప్పాడు. ఆమె నవ్వింది. అతనికి ధైర్యం వచ్చింది. ఒక కబురు వెనక ఒకటి, ఆరేళ్లుగా దాచుకున్నవన్నీ చెప్పుకుంటూ పోయాడు.

"ఉడుపుల టైముకి మేమంతా బావ ముఖమే సూసేవోళ్లం సెల్లెమ్మా. నీ పిలుపు వచ్చిన రోజు పండగే. ఆ ఏడే పాపం. మే నెలాఖర్న అందరినీ వరసగా నిలబెట్టి సెలవులన్నీ రద్దు అని సెప్పీసినారు. బావ ముఖం ఇంతైపోయినాది. సెలవు పోయినందుక్కాదు. 'మా కళకి ఎలాగ సెప్పాలి బావా? సెలవు రద్దంటే యుద్ధంలో ఉన్నానని తెలిసిపోద్ది. తిండి మానేత్తాది' అని ఒకటే గోల. ప్రతి ఆదివారం ఈయాల సెప్పాలి అని బూత్‌లోకి ఎల్లడం, సెప్పకుండా రావడం."

సూర్యకళ చేతిలో బెండకాయలు అలాగే ఉన్నాయి.

"ఒక ఆదివారం బూత్‌లోంచి పకపకా నవ్వుకుంటా వచ్చినాడు. ఏటి బావా అంటే, 'మా కళే రావద్దంది! వానల్లేవంట, ఆకు లేదంట. నాను సెప్పక్కర్లేకపోయినాది' అని. ఉన్నోళ్లందరికీ టీలు, సమోసాలు. ఆ కొండల్లో బావ అంత సంతోషంగా ఉండడం నాను సూసింది ఆ రోజే."

"ఎప్పుడు రద్దు సేసినారన్నావు?"

"మే నెలాఖర్న."

"నాను రావద్దన్నది జూన్‌లో."

"అవును. అప్పటికి నెలయినాది."

"నాను రమ్మంటే వచ్చేవోడా?"

అర్జునరావు ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో పెద్ద సంగతే అడుగుతోందని మాత్రం అర్థమైంది.

"నువ్వు రమ్మన్నా, ఆ సింహాద్రప్పన్న దిగొచ్చి రమ్మన్నా, రాలేడు సెల్లెమ్మా. ఒక్కడికి కూడా గేటు దాటనివ్వలేదు."

సూర్యకళ బెండకాయలు పట్టా మీద పోసేసింది. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని చప్పుడు. ఈ మగాడెవడో ఆమెను ఏదో అన్నాడనుకుని సూర్యకాంతమ్మ రెండు కిలోల తూకం రాయి పట్టుకుని లేచింది. అర్జునరావు వెనక్కి జరిగాడు.

"కూకో పిన్నీ, కూకో" అంది సూర్యకళ చేతుల్లోంచే. తర్వాత కళ్లు తుడుచుకుని గట్టిగా అంది, "దొంగ మావ. ఎంత దొంగ మావ. ఆరేళ్లు... అబద్ధాలకోరు."

తిట్టింది. చచ్చిపోయినవాణ్ని నడిబజారులో నోరారా తిట్టింది. ఆ తిట్లలో ఎంత ప్రేముందో అర్జునరావుకి తెలిసింది గాబోలు, అతనూ కళ్లు తుడుచుకున్నాడు.

చివరికి ఆమె అడిగింది, ఆ రోజు సంగతి. అతను కొంచెమే చెప్పాడు. ఆ పొద్దున వెళ్లి గాయపడ్డ కుర్రాళ్లను దించారని, వాళ్లంతా ఇప్పటికీ బతికున్నారని, మళ్లీ వెళ్లాలని పిలుపొస్తే గవర్రాజు సగం తాగిన టీ గ్లాసు అర్జునరావుకిచ్చి మూత పెట్టమన్నాడని.

"నాను మూత పెట్టినాను సెల్లెమ్మా" అన్నాడు.

ఆ రోజు ఆమె సరుకు మిగిలిపోయింది. మొత్తం అర్జునరావు సంచిలో పోసి, మధ్యాహ్నం బస్సెక్కింది. హనుమంతవాక దాటాక కిటికీలోంచి కొండల మీద నల్లటి మబ్బు కనిపించింది. ఒళ్లు తేలిగ్గా ఉంది, జ్వరం దిగినట్టు. మధ్య మధ్యలో నవ్వొస్తోంది. పక్కనున్నావిడ కాస్త దూరం జరిగి కూర్చుంది.

ఇంటికి వెళ్లలేదు. తిన్నగా ఆకుమడి దగ్గరికెళ్లి, రెండు మొక్కలు పీకి, కాలవలో వేళ్లు కడిగి చూసింది. అప్పుడు ఇంటికొచ్చింది. చిట్టెమ్మ అరుగు మీద కూర్చుని చెప్పులేసుకుంటోంది, ఆకుమడికి వెళ్లడానికి.

"ఎల్లుండికి ఉడుపు పెడదామే" అంది.

"ఎల్లుండికి ముదిరిపోద్ది. రేపే. నువ్వు కూకో అత్తా. నాను పిలుత్తాను."

చిట్టెమ్మ చెప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఏటైనాదే?" అంది మెల్లగా.

సూర్యకళ పక్కన కూర్చుంది. ఆరేళ్లలో మొదటిసారి నోరు విప్పింది. "ఆ ఏడు ఫోనులో నాను రావద్దన్నానత్తా. అందుకే..."

"నువ్వెక్కడన్నావే?" అంది ముసలావిడ. చేతిలో చెప్పు కింద పెట్టేసింది. "నీ పక్కన నిలబడి 'ఇప్పుడొచ్చి ఏటి సేత్తాడు, రావద్దని సెప్పు' అన్నది నానే కదా. నా మాటే నువ్వు అన్నావు. కన్నకొడుకుని నాను ఆపీసినాను. అందుకే నువ్వు నా మీద కోపంతో మాట మానీసినావని, పిలుపుకి కూడా రావట్లేదని, ఇన్నాళ్లూ..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సూర్యకళ తలెత్తి అత్త ముఖంలోకి చూసింది. అత్త ఆ మాట అన్న సంగతి తనకి గుర్తే లేదు. ఒక్కనాడు కూడా గుర్తురాలేదు. ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు, ఇద్దరు ఆడవాళ్లు ఒకే మాటని చెరోవైపు నుంచి మోసుకుంటూ తిరిగారు.

బజారులో అర్జునరావు చెప్పిందంతా అత్తకి చెప్పింది. మే నెల, వరస, రద్దు. బూత్, నవ్వు, సమోసాలు. ఏదీ వదల్లేదు. చిట్టెమ్మ కళ్లార్పకుండా వింది.

"సమోసాలు పెట్టినాడా?"

"అందరికీ."

"నవ్వినాడా?"

"పకపకా నవ్వినాడంట."

"మల్లీ సెప్పు" అంది చిట్టెమ్మ.

సూర్యకళ మళ్లీ చెప్పింది. బడి నుంచి వచ్చిన గంగాభవాని సంచీ దించి, ఇద్దరి మధ్యా నిలబడి వింది. చిట్టెమ్మ మూడోసారి కూడా చెప్పించుకుంది. తర్వాత కొంగుతో ముక్కు చీది, రెండో చెప్పు వేసుకుంది.

"పొద్దు గూకిపోతంది. ఇద్దరం ఎల్దాం. ఆ వైపు ఇళ్లు నువ్వు పిలువు, ఈ వైపు నాను పిలుత్తాను" అంది.

సూర్యకళ లేచింది. వీధిలోకి దిగుతూ వెనక్కి తిరిగి కూతురితో అంది, "భవానీ, రేపు బడి మానీ. మడికి రా."

గంగాభవాని తల్లి ముఖంలోకి చూసింది. ఊహ తెలిశాక అమ్మ తనని 'రా' అనడం ఆ పిల్ల వినడం అదే మొదలు.

"వత్తానమ్మా" అంది.